రీస్టార్టు చేసే ముందు గడియారం చూడండి

లినక్స్ సందేహాలు – సమాధానాలు

లినక్స్, అంటే విండోస్‌లా కంప్యూటరును నడిపే వ్యవస్థ, గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. నాలుగు చోట్ల నుంచి వచ్చినా ఫిర్యాదు ఒక్కటే: కాసేపు పనిచేస్తుంది, కాసేపు పనిచేయదు. పూర్తిగా ఆగిపోయినదాన్ని బాగుచేయడం అంత కష్టం కాదు. ఎప్పుడు చూసినా ఆగే ఉంటుంది కాబట్టి తీరికగా వెతుక్కోవచ్చు. వస్తూ పోతూ ఉండే తప్పు మాత్రం మనం చూసే వేళకు కనిపించదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేశాను. కావలిలోనూ ఒంగోలులోనూ రాత్రి డ్యూటీల్లో ఇలాంటి లైన్ల వెంట తిరిగాను. అందుకే ఈ ఉత్తరాలు చదువుతుంటే పాత ఫాల్ట్ రిజిస్టరు తిరగేసినట్టే ఉంది.

ఆదేశాల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాకు పదకొండు ఎకరాల్లో నాలుగు రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటిలో డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, ఎంత ఉందో చూసే మీటర్లను మోటారు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటరుకు కలిపాను. షెడ్డులో సిమ్ కార్డు రౌటరు ఉంది. అక్కడి నుంచి, మేము నెలనెలా అద్దె కట్టే ఒక లినక్స్ సర్వరుకు ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం, అంటే నెట్ మీదుగా రెండు కంప్యూటర్ల మధ్య భద్రమైన దారి, వేశాను. నెల్లూరులో ఇంటి దగ్గర నాన్న ఫోనులో పేజీ తెరిస్తే నాలుగు చెరువుల అంకెలూ కనిపిస్తాయి. పగలంతా బాగుంటుంది. రాత్రి రెండు, మూడు గంటలకు తెరిస్తే తెల్ల పేజీ. కాపలా మనిషిని లేపి ప్లగ్గు పీకి పెట్టిస్తాం. అయినా వెంటనే రాదు. ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ పీకి పెడితే వస్తుంది. మిషను వేడెక్కుతోంది, చల్లారాక పనిచేస్తోంది అని నాన్న అంటున్నారు. ఫ్యాను పెట్టాను. రౌటరు మార్చాను, సిమ్ మార్చాను, లినక్స్ మళ్ళీ ఎక్కించాను. మార్పు లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఒక్కోసారి రాదు.
— ఒక రైతు కుమారుడు, అల్లూరు మండలం

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎండ ఉన్నంతసేపు చెరువులోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దు గూకిన దగ్గర్నుంచి ఇచ్చేది ఉండదు, అందరూ తీసుకునేవారే: నాచు, రొయ్యలు, అడుగున పేరుకున్న మడ్డి. అందుకే డీవో తెల్లవారుజామున అన్నిటికంటే కిందికి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగకుండా చూసుకోవాలని మీకు నేను చెప్పనక్కరలేదు. సరిగ్గా ఆ వేళకు తెల్ల పేజీ రావడమంటే ఒక పంట మొత్తం గాలిలో దీపం. కాబట్టి పత్రికవారి దగ్గర మీ నంబరు తీసుకుని ఫోను చేశాను. ఆ తర్వాత మూడు వారాలు మనం మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే ఇబ్బంది పడుతున్నవారు ఇంకా చాలామంది ఉంటారు.

మొదటి ఫోనులోనే మీ మీద కొంచెం గట్టిగా మాట్లాడాను. రౌటరు, సిమ్, లినక్స్ మూడూ మార్చారు కదా, ఒక్కసారైనా అది ఎన్ని గంటలకు పోయిందో రాసుకున్నారా అని అడిగాను. లేదన్నారు. ఎక్స్ఛేంజీలో మాకు పెద్ద అట్టల రిజిస్టరు ఒకటి ఉండేది. ఫిర్యాదు వచ్చిన గంట, లైన్‌మన్ వెళ్ళిన గంట, దొరికిన కారణం, సరైన గంట, ఇలా గడులు గీసి ఉండేవి. కారణం గడిలో "పరీక్షిస్తే బాగానే ఉంది" అని రాస్తే మా పై అధికారి ఒప్పుకునేవారు కారు. బాగానే ఉన్న లైను గురించి మనిషి అర్ధరాత్రి లేచి ఫిర్యాదు చేయడు అనేవారు. రీస్టార్టు చేయడం కూడా ఆ రాతలాంటిదే. చేసిన మరుక్షణం అంతా బాగానే ఉంటుంది, కాని పోయినప్పుడు లోపల ఏ స్థితిలో ఉందో చెప్పే ఆనవాలు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకే రెండు పనులు చెప్పాను. ఒకటి, వారం రోజులు నోటుబుక్కులో గోడ గడియారం చూసి గంటలు రాయడం: పేజీ ఎప్పుడు తెరిచారు, వచ్చిందా లేదా, అంతకుముందు చివరిసారి ఎప్పుడు తెరిచారు. రెండు, తెల్ల పేజీ రాగానే కాపలా మనిషిని లేపే ముందు మీరు సర్వరులోకి వెళ్ళి, కనెక్షన్ల స్థితిని చూపే ఎస్‌ఎస్ అనే ఆదేశాన్ని టి, ఎన్, ఓ గుర్తులతో నడిపి, వచ్చినదాన్ని దాచుకోవడం. ఒక్క నిమిషం పని. ఈలోపు నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ రాత్రంతా తిప్పమని కూడా చెప్పాను. డీజిల్, కరెంటు ఖర్చు అవుతుందని మీరు అన్నా, కారణం తేలేదాకా అదే దారి.

ఈలోగా తీగ సంగతి తేల్చాం. నేను ఎప్పుడూ తీగ దగ్గరే మొదలుపెడతాను. చెరువు గట్ల మీద ఉప్పు గాలికి కేబుల్ కొనలో చిలుము పట్టడం నాకు కొత్త కాదు. షెడ్డులోని కంప్యూటరు నుంచి పక్కనే ఉన్న రౌటరుకు గంటసేపు పింగ్, అంటే ఉన్నావా అని అడిగి జవాబు చూసే ఆదేశం, నడిపించారు. 3,600 పంపితే 3,600 తిరిగి వచ్చాయి. ఐపి లింక్ ఆదేశానికి ఎస్ గుర్తు చేర్చి చూస్తే తప్పుల గడిలో సున్నా. అంటే షెడ్డు లోపల ఏ లోపమూ లేదు. మీ ఫ్యాను, మీ కొత్త రౌటరు అన్నీ ఆరోగ్యంగా ఉన్న భాగానికి చేసిన వైద్యం.

వారం తర్వాత మీరు చదివి వినిపించిన నోటుబుక్కే అసలు సంగతి చెప్పింది. ఎనిమిది సార్లు పోయింది. అందులో ఒకటి కరెంటు కోత తర్వాత, దాని గురించి తర్వాత రాస్తాను. మిగిలిన ఏడుసార్లూ, అంతకుముందు పేజీ చూసి ముప్పావు గంట దాటి ఉంది. పగలు నాన్నగారు పది నిమిషాలకోసారి చూస్తూనే ఉంటారు కాబట్టి పగలు పోలేదు. రాత్రి పదింటికి పడుకుని రెండింటికి లేచి చూస్తే పోయి ఉంది. అంటే గంట ఎంతైందన్నది కారణం కాదు, ఎంతసేపు ఎవరూ చూడలేదన్నది కారణం. వేడి సంగతికి కూడా అక్కడే జవాబు దొరికింది. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆగని మిషను, రాత్రి మూడింటికి చల్లగాలిలో వేడెక్కి ఆగదు. ఈ మాట నాన్నగారికి మీరే నెమ్మదిగా చెప్పండి. ఆయన గమనించింది మాత్రం అబద్ధం కాదు. ఇరవై నిమిషాలు ఆగితే వస్తుందన్నది నిజమే, ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

తర్వాత ఒక ఆదివారం పగలే కావాలని పరీక్ష పెట్టాం. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలి తెరిచాం, వచ్చింది. ఇరవైకి వచ్చింది. పాతికకు వచ్చింది. ముప్ఫై అయిదుకు రాలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. వస్తూ పోతూ ఉండే తప్పును మనం పిలిచినప్పుడు రప్పించగలిగితే సగం పని అయినట్టే.

ఇప్పుడు కారణం. సిమ్ కార్డు మీద వచ్చే నెట్‌లో మీ రౌటరుకు సొంత ఐపి చిరునామా, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే అంకెలు, సాధారణంగా ఉండదు. వేల మంది కలిసి కొన్ని చిరునామాలను పంచుకుంటారు. ఎవరి సంభాషణ ఎవరిదో గుర్తుపెట్టుకోవడానికి ఆ సంస్థ పరికరంలో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో చోటు పరిమితం కనుక, కొంతసేపు కదలిక లేని వరుసను అది కొట్టేస్తుంది. కొట్టేశానని ఇటు చెప్పదు, అటు చెప్పదు. షెడ్డులోని కంప్యూటరు లైను ఉందనే అనుకుంటుంది, సర్వరూ ఉందనే అనుకుంటుంది, మధ్యలో లైను లేదు. మరి లినక్స్ తనంతట తాను "ఉన్నావా" అని అడగదా? అడుగుతుంది. కాని మామూలు అమరికలో మొదటిసారి అడిగేది 7,200 సెకన్ల మౌనం తర్వాత, అంటే రెండు గంటలకు. మీ పట్టికలో వరుస అరగంటకే పోతోంది.

ఇక ఆ ఇరవై నిమిషాల సంగతి. తెల్ల పేజీ వచ్చిన ఒక రాత్రి మీరు సర్వరులో దాచిన వరుస చూడండి. స్థితి గడిలో ఎస్టాబ్ అని ఉంది, అంటే సంబంధం నిలిచే ఉందని సర్వరు నమ్మకం. పంపాల్సిన వరుస గడిలో 1,188 బైట్లు నిలిచిపోయి ఉన్నాయి. చివర టైమరు దగ్గర 9 అని ఉంది, అంటే తొమ్మిదిసార్లు మళ్ళీ పంపి చూసింది, జవాబు లేదు. లినక్స్ ఇలా పదిహేనుసార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ ఆగే సమయాన్ని పెంచుకుంటూ. అన్నీ కలిపితే తక్కువలో తక్కువ 924 సెకన్లు, అంటే పావుగంట దాటుతుంది. అప్పటిదాకా పాత సొరంగం తాలూకు పోర్టును, అంటే ఆ సొరంగానికి ఇచ్చిన తలుపు నంబరును, సర్వరు వదలదు. ఈలోపు మీ కాపలా మనిషి ప్లగ్గు పీకి పెడతాడు. షెడ్డు నుంచి కొత్త సొరంగం వస్తుంది, పోర్టు అడుగుతుంది, ఖాళీ లేదంటుంది సర్వరు. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఒక హెచ్చరిక వరుస రాసి, పోర్టు లేకుండానే కనెక్షన్ నిలుపుకుంటుంది. చూడ్డానికి అంతా కలిసినట్టే, పేజీ మాత్రం తెల్లగా. ఇరవై నిమిషాల తర్వాత రెండోసారి పీకి పెట్టేసరికి పాతది పోయి ఉంటుంది కాబట్టి పోర్టు దొరుకుతుంది.

పాత రోజుల్లో ఫోను మాట్లాడి రిసీవరును సరిగా పెట్టకపోతే ఆ లైను ఎక్స్ఛేంజీలో ఎంగేజ్‌గానే ఉండిపోయేది. అవతల మనిషి నిద్రపోయి ఉంటాడు, ఇవతల లైను మాట్లాడుతున్నట్టే లెక్క. కొత్త కాల్ ఏదీ వెళ్ళదు. మీ చెరువు దగ్గర రోజూ రాత్రి జరుగుతున్నది అదే.

వైద్యం రెండు వైపులా చేయాలి. షెడ్డు వైపు ఎస్‌ఎస్‌హెచ్ అమరికలో సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వెల్ 60, సర్వర్‌ఎలైవ్‌కౌంట్‌మాక్స్ 3, ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ యెస్ అని పెట్టండి. ఈ పేర్ల మధ్య ఖాళీలు ఉండవు. నిమిషానికోసారి పలకరింపు వెళ్తుంది కాబట్టి పట్టికలో వరుస పోదు. ఒకవేళ పోయినా మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది. పోర్టు దొరకకపోతే ఉత్తినే నిలబడకుండా ఆగిపోతుంది. సర్వరు వైపు క్లయింట్‌ఎలైవ్‌ఇంటర్వెల్ 60, క్లయింట్‌ఎలైవ్‌కౌంట్‌మాక్స్ 3 పెట్టండి. చాలామంది షెడ్డు వైపు మాత్రమే చేసి ఊరుకుంటారు. పాత పోర్టును పట్టుకు కూర్చునేది సర్వరు కాబట్టి ఈ రెండో వైపు తప్పనిసరి. సర్వరు అమరిక మార్చేటప్పుడు సర్వరు వైపు నడిచే ప్రోగ్రామ్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డికి టి గుర్తు పెట్టి తప్పులున్నాయేమో చూసుకుని, పాత కిటికీ మూయకుండా ఇంకో కిటికీలో లోపలికి వెళ్ళగలుగుతున్నారని నిర్ధారించుకోండి. దూరాన ఉన్న సర్వరుకు మీరే బయటినుంచి తాళం వేసుకునే ప్రమాదం ఉంది. పలకరింపులకు డేటా అయిపోతుందేమోనని అడిగారు. రోజంతా కలిపినా చాలా తక్కువే అవుతుంది.

కరెంటు కోత సంగతి వేరే జబ్బు. రెండు జబ్బులు ఒకే మనిషికి ఉంటే ఏ మందు పనిచేసిందో తెలియదు, అందుకే విడిగా చూశాం. కరెంటు రాగానే మీ కంప్యూటరు అర నిమిషంలో లేస్తుంది. రౌటరుకు సిగ్నల్ అందుకుని సర్దుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోపు సొరంగం మొదలై, సర్వరు పేరు దొరక్క ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టమని సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే ప్రోగ్రామ్) ఫైలులో మీరు రాశారు, మంచిదే. కాని ఎంత ఆగి మొదలుపెట్టాలో రాయలేదు. రాయకపోతే అది సెకనులో పదో వంతు మాత్రమే ఆగుతుంది. పది సెకన్లలో అయిదుసార్లు మొదలుపెట్టాల్సి వస్తే ఇక లాభం లేదని సిస్టమ్‌డి ఆ సర్వీసును వదిలేస్తుంది. రౌటరు లేచేసరికి అడిగేవాడు ఉండడు. ఆ ఫైలులో రీస్టార్ట్‌సెక్ విలువ 30 అని పెట్టాం. అరనిమిషానికోసారి ప్రయత్నిస్తుంది కాబట్టి ఆ పది సెకన్ల లెక్క ఎప్పటికీ నిండదు.

ఇక్కడ ఒక చిక్కు మిమ్మల్ని బాగా తికమక పెట్టింది. కరెంటు కోత నాటి లాగ్‌లో, అంటే కంప్యూటరు తానే రాసుకునే చిట్టాలో, గంటలు నోటుబుక్కుతో కలవలేదు. మీ రాస్ప్‌బెర్రీ పై 4 లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే, అది ఆగేముందు గుర్తున్న గంట దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ పోతుంది, నెట్ వచ్చాకే సరైన గంటకు దూకుతుంది. నెట్ రాకముందు జరిగినవన్నీ తప్పు గంటతో పడతాయి. గోడ గడియారం చూసి రాయమన్నది అందుకే.

చివరగా ఒక మాట, ఇది కోపంగా కాదు, ప్రాధేయపడి చెబుతున్నాను. సొరంగం ఎంత బాగా నిలిచినా, రొయ్యల ప్రాణాన్ని సిమ్ సిగ్నల్‌కు అప్పగించవద్దు. డీవో తగ్గితే షెడ్డులోనే మోగే హారను ఒకటి అదే కంప్యూటరుకు కలిపి, దానికి విడిగా బ్యాటరీ పెట్టండి. కాపలా మనిషి మంచం అక్కడే ఉంది కదా. మొన్న ఫోనులో పదకొండు రాత్రులుగా ఒక్కసారి కూడా పోలేదన్నారు. నోటుబుక్కు మాత్రం పంట పట్టేదాకా ఆపకండి.

ప్రశ్న: మా గ్రానైటు ఆఫీసులో డెబియన్ లినక్స్ కంప్యూటరు మీద, ఫైళ్ళు పంచుకోవడానికి పనికొచ్చే సాంబా పెట్టి బిల్లులు, ఫోటోలు అందరం వాడుకుంటున్నాం. పగలు ఇబ్బంది లేదు. సాయంత్రం ఆరు దాటాక ఒక కంప్యూటరుకు కనిపిస్తుంది, పక్కదానికి కనిపించదు. కాసేపటికి తారుమారు అవుతుంది. సర్వరులోకి గ్రానైటు దుమ్ము వెళ్ళిందని విప్పి శుభ్రం చేయించాం.
— ఒక అకౌంటెంటు, చీమకుర్తి

జవాబు: దుమ్ము దులపడం మంచి పనే, మీ ఊళ్ళో నెలకోసారి చేయించండి. కాని దుమ్ముకు ఒక కంప్యూటరు మీద ప్రేమ, ఇంకోదాని మీద పగ ఉండవు. ఒకరికి కనిపించి పక్కవారికి కనిపించకపోతే, నేను మొదట అనుమానించేది ఒకే చిరునామాను ఇద్దరు వాడుకోవడం. సాయంత్రం ఆరింటికి మీ ఆఫీసులోకి కొత్తగా వచ్చేది ఎవరు?

కనిపిస్తున్న కంప్యూటరులోనూ కనిపించని కంప్యూటరులోనూ సర్వరు చిరునామాకు ఎదురుగా ఏ మ్యాక్ చిరునామా ఉందో చూడండి. లినక్స్ అయితే ఐపి నైబర్, విండోస్ అయితే ఏఆర్‌పి ఆదేశానికి ఏ గుర్తు. మ్యాక్ చిరునామా ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే పన్నెండు అక్షరాల గుర్తు. రెండు కంప్యూటర్లలో రెండు వేర్వేరు గుర్తులు కనిపిస్తే తప్పు దొరికినట్టే. అందులో సర్వరుది కాని గుర్తులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది తయారీలో ఇచ్చినది కాదు, ఆ పరికరం తనకు తాను కల్పించుకున్నది. ఈ రోజుల్లో ఫోన్లు వైఫైలో చేసేది అదే. నా ఊహ ఏమిటంటే, సర్వరుకు మీరు చేత్తో పెట్టిన చిరునామా, రౌటరు అందరికీ పంచిపెట్టే చిరునామాల వరుసలోనే ఉంది. పగలు అది ఎవరికీ తగలడం లేదు. సాయంత్రం డ్యూటీకి వచ్చే మనిషి ఫోను వైఫై అందుకోగానే రౌటరు అదే చిరునామాను ఆ ఫోనుకు ఇస్తోంది. అప్పటి నుంచి ఎవరు ముందు జవాబు చెబితే వారే సర్వరు.

రౌటరులో పంచే వరుసను, చిరునామా చివరి అంకె 100 నుంచి 200 వరకు అని కుదించి, సర్వరును 10 లో పెట్టండి. లేదా ఆ చిరునామాను సర్వరు మ్యాక్‌కే కేటాయించండి. ఫోను తెచ్చుకున్న మనిషిని మాత్రం ఏమీ అనకండి, అతని తప్పు ఏమీ లేదు.

ప్రశ్న: గురువుగారూ, నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టలులో నా ఉబుంటు లినక్స్‌లో ప్యాకేజీలు దించుకునేటప్పుడు, గిట్ (ప్రోగ్రామ్‌ల మార్పులను దాచే పనిముట్టు) వాడేటప్పుడు ప్రతిసారీ మొదట కాసేపు ఆగి, తర్వాత వేగంగా వెళ్తుంది. నెట్ వేగం పరీక్షిస్తే బాగుంది. ఒక్కోసారి అసలు రాదు.
— ఒక విద్యార్థిని, కావలి

జవాబు: అమ్మా, "కాసేపు" అంటే ఎంత? టైమ్ అనే ఆదేశాన్ని ముందు పెట్టి గెట్‌ఎంట్ హోస్ట్స్ అని ఏదైనా ఊరూపేరూ ఉన్న సైటు పేరుతో కొట్టి చూడు. సరిగ్గా 5 సెకన్లకు అటూ ఇటూగా వస్తే నెట్ వేగాన్ని వదిలేసి పేర్ల సంగతి చూడు. పేరును అంకెల చిరునామాగా మార్చే నేమ్ సర్వరు జవాబు చెప్పకపోతే లినక్స్ 5 సెకన్లు ఆగి రెండోదాన్ని అడుగుతుంది. నీ రిజాల్వ్ కాన్ఫ్ ఫైలులో మొదటి వరుసలో ఉన్నది చచ్చిపోయి, రెండోది బతికి ఉండవచ్చు. అలా అయితే ప్రతి కొత్త పేరుకూ 5 సెకన్లు సుంకం కడుతున్నావు. రెండోది కూడా పలకని పూట అసలు రాదు. డిగ్ ఆదేశంతో ఒక్కో సర్వరునూ విడిగా అడిగితే ఎవరు పలకడం లేదో తెలుస్తుంది.

ఉబుంటులో ఆ ఫైలులో 127.0.0.53 అని ఒక్కటే కనిపిస్తే కంగారు పడకు. అది నీ కంప్యూటరులోని మధ్యవర్తి. రిజాల్వ్‌సిటిఎల్ స్టేటస్ కొడితే అసలు సర్వర్లు కనిపిస్తాయి. మార్చేది ఆ ఫైలులో కాదు, నీ వైఫై కనెక్షన్ అమరికలో, లేకపోతే మళ్ళీ రాసేస్తుంది. హాస్టలు వైఫై చూసేవారికి చచ్చిన సర్వరు అంకె రాసి ఇవ్వు. నీ ఒక్క గదికే కాదు, అందరికీ ఈ ఆలస్యం జరుగుతూ ఉంటుంది.

ప్రశ్న: మా కోచింగ్ సెంటరులో హాజరు, ఫీజుల కోసం ఒకరితో రాయించుకున్న ప్రోగ్రామ్ లినక్స్ మీద నడుస్తోంది. కొన్ని గంటలు నడిచి, కొత్తవారిని లోపలికి రానివ్వడం మానేస్తుంది. గంటకోసారి దానంతట అదే రీస్టార్టు అయ్యేలా క్రాన్‌లో (వేళకు ఆదేశాలు నడిపే పనిముట్టు) పెట్టుకున్నాం. ఇందులో తప్పేమైనా ఉందా?
— ఒక నిర్వాహకుడు, కందుకూరు

జవాబు: ఉంది. గంట కొట్టినప్పుడు ఫీజు కడుతున్న తల్లిదండ్రుల రసీదు మధ్యలో పోతుంది, అది మీ దాకా ఫిర్యాదుగా రాదు. పైగా తప్పు పెరుగుతూ పోతే రేపు అరగంటకోసారి, ఎల్లుండి పావుగంటకోసారి పెట్టుకోవాల్సి వస్తుంది.

కొన్ని గంటలు బాగా నడిచి ఆగడమంటే ఏదో ఒకటి నిండుతోంది. డిస్కు నిండిందేమో డిఎఫ్‌తో చూడండి, ఐ గుర్తుతో ఇంకోసారి చూడండి, ఎందుకంటే చోటున్నా ఫైళ్ళ లెక్క నిండిపోవచ్చు. మెమరీ చాలక కెర్నల్ (లినక్స్ కీలక భాగం) ఏదైనా ప్రోగ్రామ్‌ను చంపి ఉంటే డిమెసేజ్‌లో రాసి ఉంటుంది. నా అనుమానం మాత్రం వేరే చోట ఉంది. ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ళు, కనెక్షన్లు కలిపి మామూలుగా 1,024. వచ్చిన మనిషి వెళ్ళిపోయాక ఆ తలుపు మూయడం మీ ప్రోగ్రామ్ మరిచిపోతుంటే, లెక్క 1,024 చేరగానే కొత్తవారికి తలుపు తెరవలేదు. ఎస్‌ఎస్ ఆదేశంలో అలాంటివి క్లోజ్-వెయిట్ అని కనిపిస్తాయి. అవతలివారు ముగించారు, మనం ముగించలేదు అని దాని అర్థం. వాటికి గడువు లేదు, ప్రోగ్రామ్ మూసేదాకా అలాగే ఉంటాయి. టైమ్-వెయిట్ అని కనిపించేవాటిని పట్టించుకోకండి, అవి ఒక నిమిషంలో వాటంతట అవే పోతాయి.

ఒక్క రోజు, సెంటరుకు సెలవున్న ఆదివారం కాకుండా రద్దీ ఉన్న రోజు, క్రాన్‌లోని ఆ వరుసను ఆపండి. ఉదయం 9, 10, 11 గంటలకు క్లోజ్-వెయిట్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. 20, 140, 260 అన్నట్టు పెరుగుతూ పోతే ఆ కాగితాన్ని ప్రోగ్రామ్ రాసిన మనిషి చేతిలో పెట్టండి, అతనికి ఇంకేమీ చెప్పక్కరలేదు. పెరగకపోతే ఆ మూడు అంకెలూ, ఆగిపోయిన గంటా నాకు రాసి పంపండి. వచ్చే నెల మీ ఉత్తరంతోనే మొదలుపెడతాను.